భోగాపురం గేట్లు తెరిచేలోపు: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి
శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

మాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం. రాత్రిపూట మా డాబా ఎక్కి దక్షిణం వైపు చూస్తే ఆకాశం కింది అంచున తెల్లటి వెలుగు కనిపిస్తుంది. రెండేళ్ల కిందట అక్కడ చీకటి ఉండేది. ఆ వెలుగు భోగాపురం విమానాశ్రయానిది. దాని గురించే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. పదకొండేళ్లు ఒక పెద్ద విమానాశ్రయంలో ర్యాంపు మీద పనిచేశాను. ర్యాంపు అంటే విమానం కిటికీలోంచి మీకు కనిపించే కాంక్రీటు మైదానం. విమానం వచ్చి ఆగగానే చక్రాలు కదలకుండా చాక్స్ అనే అడ్డు దిమ్మలు పెట్టడం, సామాన్లు దించడం, ఎక్కించడం, కరెంటు కేబుల్ తగిలించడం, బయల్దేరేటప్పుడు టగ్ బండితో వెనక్కి నెట్టడం మా పని. ఎండకి కాంక్రీటు సెగ, పైనుంచి ఇంజిన్ సెగ, చుట్టూ డీజిల్ పొగ. రాత్రి డ్యూటీలు, ఆ పొగ పడక ఉద్యోగం మానేసి ఊరికొచ్చేశాను. అయినా విమానాల మీద నాకు కోపం లేదు. మా ఇంటి స్లాబు ఆ జీతంతోనే వేశాను, మా చెల్లెలి పెళ్లి ఆ జీతంతోనే చేశాను. మా పక్క ఊళ్ల కుర్రాళ్లు ఇప్పుడు భోగాపురంలో అదే పని కోసం అప్లికేషన్లు పెడుతున్నారు. వాళ్లకి ఆ ఉద్యోగాలు రావాలనే కోరుకుంటున్నాను. నేను పీల్చిన పొగ మాత్రం వాళ్లు పీల్చకూడదు.

మీరు శ్రీకాకుళం ఎంపీ. మా ఉత్తరాంధ్ర మనిషి ఈ శాఖకి మంత్రి అయ్యారంటే మేమంతా సంతోషపడ్డాం. భోగాపురం గేట్లు తెరిచే రోజు దగ్గర పడింది. ఈ కొద్ది సమయంలో చెప్పాల్సినవి చెప్పకపోతే తర్వాత చెప్పినా లాభం ఉండదు. ర్యాంపు మీద నేను గమనించింది ఒకటుంది. మొదటి రోజు నుంచి రూల్‌గా ఉన్న పని ఎంత రద్దీలోనైనా జరుగుతుంది. తర్వాత సర్క్యులర్ పంపి చేయమన్న పని నాలుగు రోజులు జరిగి ఆగిపోతుంది.

అన్నిటికంటే ముందు ఏపీయూ సంగతి చెప్పనివ్వండి. ఈ పేరు ప్రయాణికుల్లో నూటికి తొంభైమందికి తెలియదు. విమానం తోక చివర చిన్న రంధ్రం ఉంటుంది. దాని వెనక ఒక చిన్న జెట్ ఇంజిన్ ఉంటుంది. విమానం నేల మీద ఆగి, రెక్కల కింది పెద్ద ఇంజిన్లు ఆపేశాక లోపల లైట్లకి, ఏసీకి, మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఈ చిన్న ఇంజినే దిక్కు. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానంలో ఇది గంటకి 100 కిలోలకు పైగా ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంత చిన్న ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది కూడా. తోక దగ్గర సామాన్లు ఎక్కించేవాళ్లకి ఆ శబ్దం, ఆ వాసన ఇంటికి వెళ్లాక కూడా వదలవు.

దీన్ని ఆపడానికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. బేలో, అంటే విమానం ఆగే చోట, కరెంటు కేబుల్, చల్లగాలి పంపే లావుపాటి గొట్టం ఉంటే చాలు. విమానం ఆగిన రెండు మూడు నిమిషాల్లో రెండూ తగిలిస్తే ఏపీయూ కట్టేయొచ్చు. పెద్ద విమానాశ్రయాల్లో ఇవి ఉన్నాయి కూడా. మరి ఎందుకు వాడరు? నేను చూసింది చెబుతాను. విమానం అరగంట, నలభై నిమిషాల్లో మళ్లీ ఎగరాలి, అందరికీ టైమ్ టెన్షన్. కేబుల్ బరువుగా ఉంటుంది, గొట్టం ఇంకా బరువు. ఒక్కోసారి మనుషులు చాలరు. ఎండాకాలంలో గొట్టంలోంచి వచ్చే గాలి చాలదని కెప్టెన్ ఏపీయూ నడవనిమ్మంటాడు. దూరపు బేలకి కరెంటే ఉండదు, అక్కడికి జీపీయూ లాక్కెళ్లాలి. జీపీయూ అంటే చక్రాల మీద పెట్టిన డీజిల్ జనరేటర్. మా షిఫ్టులో నాలుగు ఉంటే ఒకటి రిపేరులో ఉండేది. ఇంకో ముఖ్యమైన విషయం డబ్బుది. నేల కరెంటు వాడితే విమానయాన సంస్థకి దానికి విడిగా బిల్లు వస్తుంది. ఏపీయూ తాగిన ఇంధనం ఆ ట్రిప్పు మొత్తం ఇంధనంలో కలిసిపోతుంది, విడిగా ఎవరి కంటా పడదు. కంటికి కనిపించే బిల్లునే అందరూ తగ్గించుకుంటారు.

ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. వర్షం వల్ల విమానాలన్నీ ఆలస్యం. నేనున్న వైపు ఆరు విమానాలు వరసగా ఆగి ఉన్నాయి, ఆరింటి తోకలూ మండుతున్నాయి. ప్రయాణికులు లోపలే కూర్చుని ఉన్నారు. రెండు గంటలకు పైగా అలాగే. మూడు బేలలో కరెంటు ఉంది, కానీ ఎవరూ తగిలించమని చెప్పలేదు, మేం అడిగితే పై నుంచి ఆర్డర్ రాలేదన్నారు. తెల్లారి నేను, నాతో పనిచేసే కుర్రాడు మొహాలు కడుక్కుంటే నీళ్లు నల్లగా వచ్చాయి.

భోగాపురానికి నేను వేసుకున్న ముతక లెక్క ఇది. మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు వచ్చివెళ్లేలా కట్టారు. ఒక్కో విమానంలో వచ్చేవాళ్లు 150 మంది, వెళ్లేవాళ్లు 150 మంది అనుకుంటే ఏడాదికి 20 వేల సార్లు విమానం బేలో ఆగి బయల్దేరుతుంది. ఒక్కోసారి నలభై నిమిషాలు ఏపీయూ నడిస్తే 70 కిలోల ఇంధనం. మొత్తం ఏడాదికి 1,400 టన్నులు. అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 4,400 టన్నులు. విమానం ఒక్క అడుగు కదలకుండానే ఇంత. కిటికీ దగ్గర కూర్చుని పెన్నుతో వేసిన లెక్క ఇది. మీ ఇంజినీర్లు ఇంతకంటే కచ్చితంగా వేయగలరు. వేయించండి.

కాబట్టి నా మొదటి విన్నపం. భోగాపురంలో ప్రతి బేకి, దూరపు బేలతో సహా, నేల కరెంటు, చల్లగాలి ఉండాలి. దాని ఖర్చును విడి బిల్లుగా కాకుండా పార్కింగ్ చార్జీలోనే కలపాలి. పెద్ద విమానాశ్రయాల చార్జీలు ఖరారు చేసే ఏరా ఉంది కదా, ఆ సంస్థకి మీరు చెప్పాలి. అప్పుడు వాడినా వాడకపోయినా డబ్బు ఒకటే కాబట్టి విమానయాన సంస్థలే కేబుల్ ఎక్కడని అడుగుతాయి. జ్యూరిక్ విమానాశ్రయంలో కరెంటు ఉన్న బేలో ఏపీయూ నడపడానికి నిమిషాల లెక్కన ఆంక్షలు పెట్టారు. మన దగ్గరా పెట్టొచ్చు. అలాగే డీజిల్ జీపీయూలు, డీజిల్ ట్రాక్టర్లు, డీజిల్ బస్సులు ర్యాంపు మీదకి మొదటి రోజు నుంచే రాకూడదు. పాత విమానాశ్రయాల్లో ఉన్న వాహనాలు పారేయలేమని చెబుతారు, ఆ మాటలో కొంత నిజం ఉంది. కొత్త చోట పాత వాహనాలే లేవు కదా.

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తాను. దేశంలో 70కి పైగా విమానాశ్రయాలు పూర్తిగా గ్రీన్ ఎనర్జీతో నడుస్తున్నాయని మీ శాఖ చెబుతోంది. ఇది మంచి పని, నేను కాదనను. కొచ్చి విమానాశ్రయం 2015 ఆగస్టు 18న 12 మెగావాట్ల సోలార్ ప్లాంటుతో ప్రపంచంలోనే మొదటి పూర్తి సోలార్ విమానాశ్రయం అయింది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం కూడా అందుకుంది. ప్యానెళ్ల కింద కూరగాయలు పండిస్తున్నారు. అది చదివి నాకు నిజంగా ముచ్చటేసింది. అయితే ఆ కరెంటు టెర్మినల్ లైట్లకి, ఏసీలకి, ఎస్కలేటర్లకి. విమానం రెక్కల్లో నింపే ఇంధనం ఆ లెక్కలో లేదు. విశాఖ నుంచి హైదరాబాద్‌కి వెళ్లే ఒక్క విమానం గాల్లోకి లేచి దిగేసరికి రెండున్నర నుంచి మూడు టన్నుల ఇంధనం మండిపోతుంది. విమానాశ్రయం కార్బన్ న్యూట్రల్ అని బోర్డు పెట్టినప్పుడు అది ఆ భవనం గురించి చెప్పిన మాట. ప్రయాణికుడు మాత్రం తన ప్రయాణమే శుభ్రమైందని అనుకుంటాడు. మా మేనల్లుడు అలాగే అనుకున్నాడు, బాగా చదువుకున్న కుర్రాడు.

అందుకే భోగాపురంలో ఒక బోర్డు పెట్టించండి. ప్రతి నెలా ఎన్ని టన్నుల ఇంధనం విమానాల్లో నింపారు, ఏపీయూలు ఎన్ని నిమిషాలు నడిచాయి, విమానాలు రన్‌వే దగ్గర క్యూలో ఎన్ని నిమిషాలు ఇంజిన్ నడుపుతూ నిలబడ్డాయి, వచ్చిన ప్రయాణికుల్లో ఎంతమంది బస్సులో వచ్చారు. ఈ నాలుగు అంకెలు తెలుగులో, టెర్మినల్ ముందు, వెబ్‌సైట్‌లో. ఈ లెక్కలన్నీ ఇప్పటికే ఎవరో ఒకరి కంప్యూటర్‌లో ఉంటాయి. జనం ముందు పెట్టడమే మిగిలింది.

అదే కొచ్చి 2018 ఆగస్టులో పెరియార్ వరదకి రెండు వారాలు మూతపడింది. మన విశాఖ విమానాశ్రయం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి పైకప్పు ఎగిరిపోయి రోజుల తరబడి మూతపడింది. 2015 డిసెంబరులో చెన్నై రన్‌వే నీళ్లలో మునిగింది. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లు మరింత బలం పుంజుకుంటాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. భోగాపురం కూడా సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఈ పొగ ఎవరి మీదకి తిరిగి వస్తుందో మా తీరంవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ రాత్రి మేం ఇంట్లో మంచం కింద కూర్చున్నాం.

ఇక రోడ్డు సంగతి. ఇప్పుడు విశాఖలో విమానం దిగితే ఊరి మధ్యలో ఉన్నట్టే. ఆటో ఎక్కినా ఇల్లు చేరతాం. భోగాపురం విశాఖకి దాదాపు 45 కిలోమీటర్లు. కారులో వెళ్తే మూడు లీటర్ల పెట్రోలు, ఏడు కిలోల కార్బన్ డయాక్సైడ్. దింపేసి ఖాళీగా తిరిగి వెళ్లే క్యాబ్‌ని కూడా కలిపితే పద్నాలుగు. ఏడాదికి లక్షలమంది ఇలా వస్తే ఏమవుతుందో ఊహించండి. జాతీయ రహదారి మీద తగరపువలస దాటడానికి ఇప్పుడే తంటాలు పడుతున్నాం.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. ఇన్నేళ్లయినా మెట్రో రైలు అక్కడికి చేరలేదు. అదృష్టవశాత్తు పుష్పక్ బస్సులున్నాయి, 2019లో వాటిలోకి ఎలక్ట్రిక్ బస్సులు కూడా వచ్చాయి. రాత్రి రెండింటికి దిగినా బస్సు దొరుకుతుంది, నేను ఎన్నోసార్లు ఎక్కాను. మనకూ మొదటి విమానం దిగిన రోజునే ఎలక్ట్రిక్ ఆర్టీసీ బస్సులు కావాలి. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి, గాజువాక నుంచి, విజయనగరం రైల్వే స్టేషన్ నుంచి, శ్రీకాకుళం నుంచి. విమానం టికెట్ కొన్నప్పుడే బస్సు టికెట్ కూడా కొనుక్కునేలా ఉండాలి. క్యాబ్‌లకి ఇచ్చే పార్కింగ్ స్థలం కంటే బస్సు ఆగే చోటు టెర్మినల్ తలుపుకి దగ్గరగా ఉండాలి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, పెట్టెలు లాక్కుంటూ నడిచే ముసలివాళ్లు దేన్ని ఎంచుకుంటారో దీన్ని బట్టే తేలుతుంది.

ఇక చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్న మాట. కొన్ని విమానాలు అసలు ఎగరక్కర్లేదు.

విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. గన్నవరం నుంచి శంషాబాద్‌కి విమానం గాల్లో ఉండేది గంటలోపే. ఇంటి నుంచి గన్నవరం వెళ్లడం, గంట ముందు చేరడం, శంషాబాద్ నుంచి ఊళ్లోకి రావడం కలిపితే నాలుగు గంటలు. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ కూడా విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కి దాదాపు నాలుగు గంటలే, దిగేది ఊరి నడిబొడ్డున. విమానానికి లేచేటప్పుడే ఎక్కువ ఇంధనం కావాలి కాబట్టి చిన్న దూరాల్లో కిలోమీటరుకి పడే పొగ ఎక్కువ. రైలు మార్గాలు దాదాపు అన్నీ కరెంటువే ఇప్పుడు. ఫ్రాన్స్‌లో 2023 మేలో రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న కొన్ని రూట్లలో విమానాలు ఆపేశారు. పారిస్ ఓర్లీ నుంచి లియోన్, నాంత్, బోర్దో రూట్లు అలా పోయాయి. మన దగ్గర రేపే నిషేధించమని నేను అనను. మన రైలు అంత వేగంగా లేదు, నిజమే. మీరు రైల్వే మంత్రి గారితో కూర్చుని ఇలాంటి రూట్లు ఒక్కొక్కటి తీసి, రైలుని మూడు గంటలకి తేవడానికి ఏం చేయాలో చూడండి. అప్పటివరకు కొత్త విమానాలకి ఈ రూట్లలో సాయం, రాయితీ ఇవ్వకండి. తప్పనిసరైన చిన్న రూట్లలో జెట్ కంటే చాలా తక్కువ తాగే ఏటీఆర్ లాంటి పంకా విమానాలకే ముందు స్లాట్లు ఇవ్వండి.

చిన్న ఊళ్లకి తక్కువ ధరకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు మొదలైన 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ విమానం కూడా ఎగిరింది. కడపవాళ్ల ఆనందం టీవీలో చూసి నేనూ ఆనందపడ్డాను. తర్వాత 2023లో ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఈ పథకం మీద నివేదిక ఇచ్చింది. 774 రూట్లు ఇస్తే అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. ఆ 112లో 2023 మార్చి నాటికి నిలిచినవి 54. మీరు మంత్రి కాకముందు సంగతి ఇది, మీ మీద తప్పు వేయడానికి చెప్పడం లేదు. ఎగరని విమానం కోసం కూడా రన్‌వే వేయాలి. చెట్లు కొట్టాలి, సిమెంటు పోయాలి, ప్రహరీ కట్టాలి. ఆ భూమి మళ్లీ పొలం కాదు.

అందుకే మీ సొంత జిల్లా దగ్గరికి వస్తున్నాను. పలాస దగ్గర ఉద్దానంలో కార్గో విమానాశ్రయం కడతారని మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో గుబులు పుట్టింది. రైతులు వద్దని అంటున్నారు. నాకు ఆ ఊళ్లతో బంధుత్వం ఉంది, మా అమ్మ పుట్టిల్లు ఆ వైపే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వెళ్తే కొబ్బరి, జీడి, పనస నీడలో ఎండ నేలకి తగిలేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని ఒక్క రాత్రిలో పడుకోబెట్టింది. మా మామయ్య తోటలో నలభై ఏళ్ల కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. నెల తర్వాత వెళ్తే ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు, గొయ్యిల్లో కొత్త మొక్కలు పాతుకుంటూ కనిపించాడు. ఆ మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకి వచ్చాయి. మొదటి గెల దించిన రోజు మాకు ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు సర్వేకి మనుషులొస్తారేమోనని తోటలోనే కాపలా పడుకుంటున్నాడు.

భోగాపురం నుంచి పలాసకి జాతీయ రహదారి మీద రెండు, రెండున్నర గంటల ప్రయాణం. పలాస స్టేషన్ హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం మీదే ఉంది. జీడిపప్పు పాడయ్యే సరుకు కాదు, లారీలో, రైల్లో ఇన్నాళ్లూ దేశమంతా వెళ్లింది, ఇకముందూ వెళ్తుంది. సముద్రపు చేపలు, రొయ్యలు విమానంలో వెళ్లాల్సి వస్తే ఐస్ వేసిన వ్యాను భోగాపురం చేరుకోగలదు. ఉద్దానంవాళ్లు కిడ్నీ జబ్బుతో ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు. ఆ నీడని కూడా తీసుకోకండి. భోగాపురం నిండి, ఇక పట్టదు అన్న రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఒక విమానాశ్రయం పూర్తిగా వాడకముందే దాని పక్కన ఇంకోటి కట్టడం పర్యావరణానికి చేసే అన్నిటికంటే పెద్ద నష్టమని నేను నమ్ముతున్నాను. ఇది నా మొత్తం ఉత్తరంలో మీకు అన్నిటికంటే కష్టమైన విన్నపం అని తెలుసు, ఎందుకంటే అది మీ నియోజకవర్గం. అందుకే మీరు చెబితే అందరూ వింటారు కూడా.

భోగాపురం కోసం కూడా ఊళ్లు పోయాయి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. ఇళ్లు, రచ్చబండలు, గుడి దగ్గర రావిచెట్టు వదులుకుని కొత్త కాలనీలకి వెళ్లారు. అంత ఇచ్చిన మనుషులకి ఆ చోటు కనీసం శుభ్రంగా నడుస్తుందన్న మాట దక్కాలి.

ఇంధనం గురించి రెండు ముక్కలు. అంతర్జాతీయ విమానాల్లో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం పర్యావరణ హిత ఇంధనం కలపాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. దేశం లోపల తిరిగే విమానాలు ఇందులో లేవు. భోగాపురంలో మొదట్లో ఎక్కువగా తిరిగేవి అవే. 2027 నుంచి మనకి తప్పనిసరయ్యే కోర్సియా ఒప్పందం, అంటే పెరిగిన కార్బన్‌కి విమానయాన సంస్థలు పరిహారం కట్టే ఏర్పాటు, కూడా అంతర్జాతీయ విమానాలకే. దేశీయ విమానాలకీ ఒక తేదీ, ఒక శాతం ప్రకటించండి, చిన్నదైనా సరే. అయితే దానికోసం మళ్లీ రైతు మీద పడొద్దు. ఇరవై ఏళ్ల కిందట బీడు భూముల్లో అడవి ఆముదం వేయమన్నారు, దాని నూనెతో వాహనాలు నడుస్తాయన్నారు. చాలాచోట్ల కాయ కాయలేదు, కాసినా కొనేవాడు లేడు. 2018లో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం ఆ నూనె కలిపిన ఇంధనంతో ఎగిరినప్పుడు నాకు ఆ రైతులే గుర్తొచ్చారు. బియ్యం, మొక్కజొన్న కూడా విమానం ట్యాంకులోకి పోకూడదు. వాడేసిన వంటనూనె ఉంది. విశాఖలో ఎన్ని హోటళ్లు, ఎన్ని బజ్జీల బళ్లు. మూడుసార్లు కాచిన నూనెని మళ్లీ మన కడుపులోకే పంపకుండా కొనుక్కునే ఏర్పాటు చేస్తే అటు జనం ఆరోగ్యం, ఇటు ఇంధనం. రిఫైనరీ విశాఖలోనే ఉంది కదా.

రాత్రి విమానాల శబ్దం గురించి వేరే ఉత్తరం రాయాలి. ఇక్కడికి ఒక్కటి చాలు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి పెద్ద విమానాశ్రయంలో 2011 నుంచి రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 వరకు షెడ్యూల్ విమానాలు లేవు. మనం అంత చేయలేకపోయినా, గాలి, భద్రత ఒప్పుకున్నప్పుడల్లా రాత్రి విమానాల్ని సముద్రం మీదుగా రప్పించి, పంపించే దారి చూడండి. చుట్టుపక్కల బడుల దగ్గర శబ్దం కొలిచే మీటర్లు పెట్టండి.

ఆఖరున తాబేళ్ల సంగతి. దీన్ని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారేమో, మీరు తీసుకోరని రాస్తున్నాను. ముక్కాం, చేపలకంచేరు వైపు తీరానికి శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొస్తాయి. ఏ వైపు వెలుగు ఎక్కువుంటే ఆ వైపు నడుస్తాయి. ఇన్నాళ్లూ ఆ వెలుగు సముద్రం మీదిది. ఇప్పుడు వెనక వైపు కూడా వెలుగొచ్చింది. రన్‌వే లైట్లు తీసేయమని ఎవరూ అడగరు, అవి విమానం దిగడానికి కావాలి, అవి నేలకి దగ్గరగా ఉంటాయి కూడా. ఆకాశాన్ని తెల్లగా చేసేది పార్కింగ్ స్థలాల ఎత్తు స్తంభాలు, హోర్డింగులు, రేపు రాబోయే హోటళ్లు. వాటికి కిందికి మాత్రమే పడే పసుపు లైట్లు పెట్టించాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా హోర్డింగులు రాత్రి పదింటికి ఆపించాలి. స్తంభాలు పాతకముందు చేస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ముక్కాంలో మా స్నేహితుడు, చేపలవేట చేసే మనిషి, పోయిన ఏడాది దారి తప్పి రోడ్డు వైపు వస్తున్న పిల్లల్ని తట్టలో ఏరి నీళ్లలో వదిలాడు. ఎన్ని రోజులని ఏరతాడు?

మంత్రి గారూ, ప్రారంభోత్సవం రోజున మీరు రిబ్బన్ కత్తిరించాక ఎవరైనా మిమ్మల్ని టెర్మినల్ లోపలికి తీసుకెళ్తారు. దయచేసి ఒక్క పది నిమిషాలు బయట ఉండండి. మొదటి ప్రయాణికుల విమానం బేలోకి వచ్చి ఆగాక, పెద్ద ఇంజిన్లు నిశ్శబ్దం అయ్యాక, తోక వైపు నిలబడి వినండి. అక్కడ కేబుల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు మా పక్క ఊరివాడే అయ్యుంటాడు. ఆ సన్నటి కూత ఇంకా వినిపిస్తుంటే, ఎందుకు ఆపలేదని అతన్ని అడగండి. అతనికి కారణం తెలుసు, కానీ ఇంతవరకు అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఇట్లు,
మీ ఉత్తరాంధ్ర మనిషి,
ఒక మాజీ ర్యాంపు కార్మికుడు
పూసపాటిరేగ మండలం, విజయనగరం జిల్లా